చలికాలం సరస్సులో కయాక్: ముందు నీళ్లలో దిగి చూడండి

ప్రశ్న: మేము అమెరికాలో సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటాం. రెండు వేసవులుగా లేక్ వాషింగ్టన్ సరస్సులో అద్దె కయాకుల (కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) మీద తిరుగుతున్నాను. ఈ మధ్య ఒక వాడిన కయాక్ కొన్నాను. పదడుగుల పొడవు, కూర్చునే చోటు బాగా వెడల్పు. చలికాలంలో సరస్సు ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి డిసెంబరు నుంచి వారాంతాల్లో వెళ్దామనుకుంటున్నాను. నాకు ఈత బాగా వచ్చు, కృష్ణ కాలువలో నేర్చుకున్నాను. కార్తీకంలో తెల్లవారుజామున గోదావరి స్నానాలు చేసినవాణ్ని, చన్నీళ్లు కొత్తేమీ కాదు. లైఫ్ జాకెట్ ఉంది, మంచి చలికోటు ఉంది. మా బావమరిది గాలి నింపే ప్యాడిల్ బోర్డుతో (నిలబడి తెడ్డు వేసే పలక) తోడు వస్తానంటున్నాడు. మా ఆవిడ మాత్రం వద్దే వద్దంటోంది. పదకొండేళ్ల మా అబ్బాయి తననూ తీసుకెళ్లమంటున్నాడు. ఏం వేసుకోవాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: వెళ్లొచ్చు. అయితే ఇప్పుడు మీ దగ్గరున్న సామానుతో కాదు, ఈ వారమే కూడా కాదు. మీరు చెప్పినవాటిలో నీళ్లలో పనికొచ్చేది లైఫ్ జాకెట్ ఒక్కటే. చలికోటు పడవలో కూర్చున్నంతసేపూ వెచ్చగా ఉంటుంది, నీళ్లలో పడ్డ క్షణం నుంచి బరువు తప్ప ఇంకేమీ ఇవ్వదు. మీ ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి. ఆ భయానికి గట్టి కారణాలే ఉన్నాయి. అవి తెలిస్తే ఏ జాగ్రత్త ఎందుకో మీకే అర్థమవుతుంది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ గోదావరి స్నానం సంగతి. కార్తీకంలో తెల్లవారుజామున రేవులో దిగితే ఒళ్లు జివ్వుమంటుంది, నిజమే. అయినా ఆ నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్‌కు పైమాటే. పైగా అక్కడ మెట్టు మెట్టూ దిగుతాం, మోకాళ్లు, నడుము తడిసి ఒళ్లు సర్దుకున్నాక మునుగుతాం, మూడు మునకలేసి బయటికొస్తాం. వేసవిలో మీరు తిరిగిన లేక్ వాషింగ్టన్ కూడా పైనీళ్లు 20 డిగ్రీలు దాటి ఉండే సరస్సే. అదే సరస్సు డిసెంబరులో 10 డిగ్రీల దగ్గరికి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో 7, 8 డిగ్రీలకు దిగిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ల సీసా కన్నా కాస్తే వెచ్చన. కయాక్ తిరగబడితే అందులోకి మెట్లు దిగి వెళ్లం, తలకిందులుగా వెళ్తాం.

చన్నీళ్లలో ప్రాణం పోవడం అనగానే ఒళ్లు చల్లబడి, స్పృహ తప్పి చనిపోవడమే అందరికీ గుర్తొస్తుంది. చాలామంది విషయంలో అంతదాకా పోకుండానే అయిపోతుంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ తానే మంచునీళ్లలో దిగి ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త. ఆయన అందరికీ గుర్తుండేలా ఒక లెక్క చెప్పారు: 1-10-1. ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. మనిషినిబట్టి, నీళ్లనుబట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి గానీ వరస మాత్రం మారదు.

మొదటి నిమిషం ఊపిరిది. ఒళ్లంతా ఒక్కసారిగా చల్లబడగానే మన ప్రమేయం లేకుండా పెద్ద ఎగశ్వాస వస్తుంది. ఆ ఒక్క ఎగశ్వాసలో రెండు మూడు లీటర్ల గాలి లోపలికి పోగలదు. ఆ సమయానికి తల నీళ్లలో ఉంటే పోయేది గాలి కాదు, నీళ్లు. వెంటనే ఆగని రొప్పు మొదలవుతుంది. మామూలుగా నిమిషంపాటు ఊపిరి బిగబట్టగలిగినవాళ్లు కూడా అప్పుడు కొన్ని సెకన్లకు మించి ఆపలేరు. గుండె దడదడలాడుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. వ్యాయామం చేసినవాళ్లకూ, ధైర్యవంతులకూ ఇందులో మినహాయింపు లేదు. ఊరట కలిగించే విషయమేమిటంటే ఇది ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. అందుకని ఆ నిమిషంలో మీ పని ఒక్కటే, నోరు నీళ్లపైన ఉంచుకోవడం. ఈదొద్దు, పడవెక్కాలని పెనుగులాడొద్దు. పడవను వదలకుండా పట్టుకుని, లైఫ్ జాకెట్ మీద భారం వేసి వెల్లకిలా వాలి, ఊపిరి మెల్లగా బయటికి వదలడం మీదే మనసు పెట్టండి. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ టిప్టన్ ఈ మొదటి నిమిషాన్ని ఏళ్లతరబడి పరిశోధించారు. చన్నీళ్లలో రెండు మూడు నిమిషాల చొప్పున ఐదారు సార్లు దిగినవాళ్లలో ఈ అదురు సగం దాకా తగ్గుతుందని ఆ పరిశోధనల్లో తేలింది. కింద నేను చెప్పబోయే సాధనకు ఇది కూడా ఒక కారణం.

తర్వాతి పది నిమిషాలు చేతులవి. గుండె, మెదడు వెచ్చగా ఉండటానికి శరీరం చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గించేస్తుంది. వేళ్లు ముందు మొద్దుబారతాయి, తర్వాత పట్టు పోతుంది, ఆ తర్వాత చెయ్యి ఎత్తడమే కష్టమవుతుంది. జిప్పు లాగడం, తాడు ముడి వేయడం, ఫోను తీయడం, పడవెక్కడం, ఏ పనైనా ఈ పది నిమిషాల్లోనే పూర్తి కావాలి. కృష్ణ కాలువలో నేర్చుకున్న ఈత ఇక్కడే మోసం చేస్తుంది. ఈత మర్చిపోరు, చేతులు మాట వినవు. మంచి ఈతగాళ్లు కూడా ఒడ్డుకు కొద్ది మీటర్ల దూరంలో మునిగిపోయేది ఇందుకే.

ఆ చివరి గంట స్పృహది. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి దిగితే హైపోథర్మియా అంటారు. మంచునీళ్లలో కూడా పెద్దవాళ్లు ఆ స్థితికి రావడానికి అరగంట దాకా పడుతుంది, స్పృహ పోవడానికి గంట. అంటే మీరనుకున్నదానికన్నా ఎక్కువ సమయమే ఉందన్నమాట. ఆ సమయం దక్కేది మాత్రం లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉన్నవాళ్లకే.

వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం కయాక్‌లో మనిషికో లైఫ్ జాకెట్ ఉంటే చాలు, పెద్దవాళ్లు వేసుకుని తీరాలని లేదు. చట్టం అడిగింది చేసి ఊరుకోకండి. పడవలో వెనకాల కట్టిపెట్టిన జాకెట్‌ను చన్నీళ్లలో పడ్డాక తొడుక్కోవడం అయ్యే పని కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పటి వార్తలు తెలుగువాళ్లం ఎవరం మరిచిపోలేదు. జాకెట్ ఒంటిమీద ఉండటానికీ, పడవలో ఎక్కడో పడి ఉండటానికీ ఎంత తేడానో అప్పుడు చూశాం. తాడు లాగితే గాలి నిండే రకం కూడా చలికాలానికి వద్దు. ఎగశ్వాస వస్తున్న నిమిషంలో తాడు వెతుక్కునే స్థితి ఉండదు. నురుగు నింపిన మామూలు జాకెట్, లోపల వేసుకునే మందపాటి దుస్తుల మీద సరిపోయే కొలతలో ఉండాలి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న, ఏం వేసుకోవాలి. గాలి ఎంత చల్లగా ఉందో చూసి కాదు, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చూసి వేసుకోవాలి. మన శరీరంలోని వేడిని నీళ్లు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. ఫిబ్రవరిలో ఒక రోజు ఎండ కాసి, జనం టీషర్టులతో పార్కులో తిరుగుతున్నా సరస్సు మాత్రం 8 డిగ్రీల్లోనే ఉంటుంది. పడవ నడుపుతుంటే చెమట పడుతుందే అని సందేహం వస్తుంది. పడుతుంది. అప్పుడు చేతులు నీళ్లలో ముంచండి, టోపీ తడిపి పెట్టుకోండి, అంతే గానీ ఒంటిమీదివి తగ్గించకండి.

7, 8 డిగ్రీల నీళ్లకు నా మాట ఒకటే, డ్రై సూట్. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీలతో నీళ్లు లోపలికి రాకుండా ఆపే సూట్ ఇది. ధర ఎక్కువే, కొత్తది మంచిది కొంటే చాలావరకు వెయ్యి డాలర్లకు అటూఇటూ అవుతుంది. కొన్ని కయాక్ దుకాణాలు అద్దెకిస్తాయి, వాడినవి కూడా దొరుకుతాయి. వాడినది కొంటే రబ్బరు పట్టీలు జిగురుగా గానీ, పగుళ్లుగా గానీ ఉన్నాయేమో చూసుకోండి, వాటిని మార్పించుకోవచ్చు. డబ్బు చూసి వెనకాడితే దానికి నేనేమీ అనను, కానీ అప్పుడు జనవరి, ఫిబ్రవరి ఆలోచన మానేసి మళ్లీ వేసవికి వెళ్లండి. చేతులు లేని 3 మిల్లీమీటర్ల వెట్ సూట్ (నీళ్లు లోపలికి వచ్చినా ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూట్), పైన జాకెట్ వేసుకుని ఈ నీళ్లలో తిరిగేవాళ్లు ఉన్నారు. సాధన బాగా ఉండి, ఒడ్డు పక్కనే కాసేపు తిరిగేవాళ్లకు అది ఒకరకంగా నడుస్తుంది. మీలా మొదటి చలికాలం వెళ్లేవాళ్లకు అది చాలదని నా అభిప్రాయం.

డ్రై సూట్ గురించి చాలామందికి తెలియని సంగతి, అది నీళ్లను ఆపుతుందే గానీ వెచ్చదనం ఇవ్వదు. వెచ్చదనం లోపల మీరు వేసుకున్న బట్టలది. ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని గానీ పాలిస్టర్ థర్మల్స్ గానీ, దానిమీద ఫ్లీస్ వేసుకోండి. మనవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఎన్ని పొరలు వేసుకున్నా అడుగున నూలు బనియను ఉంటుంది! చెమటకే తడిసి, ఆరక, ఒంటిని చల్లబరుస్తూనే ఉంటుంది. బనియను, జీన్సు, నూలు సాక్సులు ఇంట్లోనే వదిలిపెట్టండి. మెడలో గొలుసు, చేతికి కడియం, వాచీ, ఉంగరం కూడా తీసేయండి, పల్చటి రబ్బరు పట్టీ వాటికి తగిలి చిరుగుతుంది. ఆ రోజు తలకు కొబ్బరినూనె రాసుకోవద్దు. నూనె తగిలిన రబ్బరు త్వరగా పాడవుతుంది, మెడ పట్టీ తల మీదుగానే కదా దిగేది. జిప్పు చివరిదాకా పడిందో లేదో పక్కవాళ్ల చేత చూపించుకోండి. మూత్రానికని ముందుండే చిన్న జిప్పు వేసుకోవడం మర్చిపోయి, నీళ్లు నింపుకున్నవాళ్ల కథలు కయాక్ నడిపేవాళ్లందరి దగ్గరా వింటారు. మోకాళ్లదాకా నీళ్లలో దిగి గొంతుక్కూర్చుని, మెడ పట్టీ కొంచెం వదులు చేస్తే లోపల చిక్కుకున్న గాలి బయటికి పోతుంది. అది ఉండిపోతే నీళ్లలో సూటు ఉబ్బిపోయి ఈదనివ్వదు.

తలకు నియోప్రీన్ (వెట్ సూట్లు కుట్టే మెత్తటి రబ్బరు) టోపీ కావాలి. చేతులకు నియోప్రీన్ గ్లవ్స్ అయినా సరే, తెడ్డుకు తొడిగి అందులో చెయ్యి పెట్టుకునే పోగీలయినా సరే. పోగీలు హాయిగా ఉంటాయి గానీ పడ్డప్పుడు చేతులు బయటే ఉంటాయి కాబట్టి జాకెట్ జేబులో గ్లవ్స్ కూడా ఉంచుకోండి. ఉన్ని మంకీ క్యాపు ఒడ్డుకొచ్చాక పెట్టుకోవడానికి కారులో ఉండనివ్వండి.

ఇప్పుడు మీ కయాక్ గురించి. నాకు దిగులు కలిగించింది ఇదే. పదడుగుల పొడవు, వెడల్పాటి నోరు ఉన్న ఈ రకం పడవల్లో చాలావాటికి ముందువైపు లోపలి అడ్డుగోడ ఉండదు. తిరగబడితే అడ్డుగోడ లేనంతమేరా నీళ్లు నిండుతాయి. నిండిన పడవలోకి ఎక్కినా అది మళ్లీ దొర్లిపోతుంది, సరస్సు మధ్యలో ఆ నీళ్లు తోడటం ఒక మనిషికి సాధ్యం కాదు. వెంటనే టార్చి వేసి లోపల చూడండి. అడ్డుగోడ లేనివైపు గాలి నింపే ఫ్లోట్ బ్యాగులు పెట్టి గట్టిగా కట్టండి. ఆ చోటు గాలితో నిండి ఉంటే నీళ్లకు చోటు తగ్గుతుంది. చేతిపంపు, మళ్లీ పడవెక్కేటప్పుడు ఆసరాకు తెడ్డు చివర తొడిగే ప్యాడిల్ ఫ్లోట్ కూడా కొనండి. ఇన్ని చేసినా అది ఒడ్డు వెంట తిరిగే పడవే. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ ఉప్పునీళ్లలోకి దాన్ని ఏ కాలంలోనూ తీసుకెళ్లొద్దు. అక్కడి నీళ్లు వేసవిలో కూడా చాలాచోట్ల 12, 13 డిగ్రీలు దాటవు, ఆటుపోట్ల ప్రవాహాలు వేరే చదువు.

సామాను సమకూరాక చేయాల్సింది పడటం. నాతో మొదటిసారి చలికాలం వచ్చేవాళ్లకు నేను పెట్టే షరతు ఇదే: పడవ ఎక్కకముందు ఆ రోజు వేసుకున్న బట్టలన్నిటితో మెడలోతు నీళ్లలో దిగి, ఐదు నిమిషాలు ఉండి రావాలి. మొహం మీద నీళ్లు కొట్టుకోవాలి, తల ముంచాలి. సూట్ ఎక్కడైనా కారుతుంటే అక్కడే తెలిసిపోతుంది. లోపలి బట్టలు చాలకపోతే తెలుస్తుంది. ఆ ఐదు నిమిషాలు భరించలేనివాళ్లు ఆ రోజు పడవెక్కకూడదు. ఒకసారి చేసి వదిలేసేది కాదు, వెళ్లిన ప్రతిసారీ చేయాలి. సిగ్గుపడేవాళ్లుంటారు, పార్కులో కుక్కల్ని తిప్పేవాళ్లు వింతగా చూస్తారు కూడా. చూడనివ్వండి.

తర్వాత ఒడ్డు పక్కనే, నడుము లోతులో, ఒక మనిషి నిలబడి చూస్తుండగా పడవ తిరగేసి బయటపడటం, మళ్లీ ఎక్కడం సాధన చేయాలి. పడ్డ దగ్గర్నుంచి మళ్లీ కూర్చునేదాకా రెండు మూడు నిమిషాల్లో అవ్వాలి. పది నిమిషాల లెక్క గుర్తుందిగా, అందులో ఒక నిమిషం ఊపిరికే పోతుంది. దీన్ని మీ అంతట మీరు వీడియోలు చూసి నేర్చుకోవడం కన్నా మనిషి దగ్గర నేర్చుకోవడం మేలు. సియాటిల్ చుట్టుపక్కల కయాక్ క్లబ్బులు చలికాలంలో ఈత కొలనుల్లో ఈ సాధన పెడుతుంటాయి. వెచ్చటి కొలనులో చేతులకు అలవాటయ్యాక సరస్సులో చేయండి. కొలనులోనే పడవెక్కలేకపోతే సరస్సులో ఎక్కలేరు.

మీ బావమరిది బోర్డు సంగతి. బోర్డు మీద నిలబడేవాళ్లు పడటం మామూలే, తిరిగి ఎక్కడం కయాక్ కన్నా తేలికే. కానీ మీరు నీళ్లలో ఉంటే గాలి నింపిన బోర్డు మీద నుంచి ఆయన మీకు సాయం చేయడం చాలా కష్టం. తోడు వచ్చేవాళ్లు తోడుగా పనికిరావాలి కదా. అందుకని ఆయన కూడా కయాక్‌లోనే రావడం మంచిదని నా సలహా. బోర్డే ఇష్టమంటే ఆయనకూ డ్రై సూట్, ఒంటిమీద లైఫ్ జాకెట్, బోర్డుకూ మనిషికీ మధ్య చుట్టల చుట్టల తాడు తప్పనిసరి. తాడు లేకుండా పడితే గాలి బోర్డును మనిషి ఈదే వేగం కన్నా ఎక్కువ వేగంతో తీసుకుపోతుంది. నదిలోకి మాత్రం ఇద్దరూ వెళ్లొద్దు. చలికాలపు వానలకు నదులు పొంగి, కూలిన చెట్లు అడ్డం పడి ఉంటాయి.

చోటు మీ ఊళ్లోనే ఉంది. ఎనటై బీచ్ పక్కన మెర్సర్ స్లౌ సన్నటి కాలువలాంటిది, గాలి తక్కువ. అయితే రెండువైపులా బురద, పొదలు, అన్నిచోట్లా ఒడ్డెక్కలేరు. ఎక్కగలిగే చోట్లు వెళ్లేటప్పుడే గుర్తుపెట్టుకోండి. మొదటి చలికాలం సరస్సును అడ్డంగా దాటొద్దు. తీరం వెంబడే, ఒడ్డుకు ఒక 50 మీటర్ల లోపు తిరగండి. లేక్ వాషింగ్టన్ ఉత్తర దక్షిణాలుగా సుమారు 22 మైళ్లు సాగి ఉంటుంది, చలికాలపు గాలివానల్లో గాలి ఎక్కువగా దక్షిణం నుంచే వస్తుంది. ఆ గాలి తోసుకొచ్చిన అలలు 520 నంబరు రహదారి తేలే వంతెనకు కొట్టుకుని ఆగిపోతాయి. ఆ రోజుల్లో వంతెనకు ఉత్తరాన నీళ్లు అద్దంలా ఉంటాయి, దక్షిణాన అలలు వంతెనకు బలంగా కొట్టుకుంటుంటాయి. ఉత్తరం వైపు దిగి, ప్రశాంతంగా ఉందనుకుని వంతెన కింద దాటితే సంగతి ఒక్కసారిగా మారిపోతుంది. ఇంట్లోంచి కదిలేముందు నేషనల్ వెదర్ సర్వీస్ గంట గంటకూ ఇచ్చే గాలి అంచనా చూడండి. గంటకు 10 మైళ్లు దాటుతుందంటే ఆ రోజు మానుకోండి. గాలికి ఎదురుగా మొదలుపెడితే అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలి తోడుంటుంది. నీళ్ల ఉష్ణోగ్రత కోసం స్థానిక ప్రభుత్వం కింగ్ కౌంటీ ఈ సరస్సులో ఉంచిన బోయా (నీళ్లమీద తేలే కొలత పరికరం) లెక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వానల తర్వాత కొట్టుకొచ్చిన దుంగలు సగం మునిగి తేలుతుంటాయి, వాటిమీద ఓ కన్నేసి ఉంచండి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 4:20కే పొద్దుగూకుతుంది. మూడింటికల్లా ఒడ్డున ఉండేలా చూసుకోండి, తెల్లటి లైటు ఒకటి దగ్గరుంచుకోండి.

మీ ఆవిడకు వెళ్లే ముందు ఒక కాగితం రాసివ్వండి. ఎక్కడ దిగుతున్నారు, ఎటు వెళ్తారు, కారు ఎక్కడ పెట్టారు, పడవ రంగు, ఎన్నింటికి వస్తారు, ఎన్నింటికి రాకపోతే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. ఆవిడ భయం పోకపోవచ్చు గానీ ఏం చేయాలో తెలిసి ఉంటుంది. పడవ లోపల మీ పేరు, ఫోన్ నంబరు చెరగని సిరాతో రాయండి. గాలికి కొట్టుకుపోయిన ఖాళీ పడవ దొరికితే, మీరు క్షేమంగా ఉన్నారో లేదో తెలియక అధికారులు గంటలకొద్దీ వెతకాల్సి వస్తుంది, నంబరుంటే ఒక్క ఫోనుతో తేలిపోతుంది. లైఫ్ జాకెట్‌కు ఈల కట్టుకోండి. ఫోను నీళ్లు పట్టని సంచిలో ఒంటికే తగిలించి ఉండాలి, పడవకు కాదు. తడిసిన వేళ్లతో తెర పనిచేయకపోవచ్చు కాబట్టి పక్క బటన్లతో అత్యవసర కాల్ ఎలా వెళ్తుందో ఇంట్లోనే నేర్చుకోండి.

తిండి విషయం తొందరగా చెప్పేస్తాను. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. వణకడానికి కూడా శక్తి కావాలి. ఉప్మా, ఇడ్లీ ఏదైనా బాగా తిని వెళ్లండి, జేబులో వేరుశనగ చిక్కీ పెట్టుకోండి. ఫ్లాస్కులో తీపి ఎక్కువ వేసిన టీ ఒకటి, ఇష్టమైతే వేడి చారు ఒకటి. మందు మాత్రం ముందూ వద్దు, తర్వాతా వద్దు. అది ఒళ్లు వెచ్చబడ్డట్టు భ్రమ కలిగిస్తూ లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

పడి, మళ్లీ పడవెక్కి ఒడ్డుకొచ్చారనుకోండి, ఆ రోజుకు అదే ఆఖరు. గాలి తగలని చోట తడిబట్టలు తీసేసి పొడివి వేసుకుని, దుప్పటి కప్పుకుని కారులో కూర్చోండి. వణుకు వస్తుంటే మంచిదే, ఒళ్లు తన పని తాను చేసుకుంటోంది. అయితే ఒడ్డుకొచ్చాక కూడా కాసేపు లోపలి ఉష్ణోగ్రత ఇంకా దిగుతుంటుంది కాబట్టి వెంటనే కారు నడపొద్దు. చేతులు కాళ్లు రుద్దడం, వేడినీళ్ల షవరు కిందికి పరుగెత్తడం వద్దు. మాట ముద్దగా వస్తున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, నడక తడబడుతున్నా, చలిగానే ఉంది గానీ వణుకు ఆగిపోయినా అది ప్రమాదస్థితి. అప్పుడు 911కి ఫోన్ చేసి, మనిషిని నడిపించకుండా మెల్లగా పడుకోబెట్టి, వెచ్చగా కప్పి ఉంచాలి. మింగడం సరిగా లేకపోతే టీ కూడా పట్టొద్దు.

మీరూ మీ బావమరిదీ ఎంత వయసువాళ్లో రాయలేదు. మీలో ఎవరికైనా బీపీ, గుండె జబ్బు, గుండె లయ తప్పే సమస్య ఉన్నా, ఇంట్లో చిన్నవయసులో గుండెపోట్లు వచ్చిన చరిత్ర ఉన్నా, ముందు డాక్టరుకు చన్నీళ్లలో పడే అవకాశం ఉందని చెప్పి అడగండి. మొహం నీళ్లలో మునిగితే గుండెకు నెమ్మదించమనీ, ఒళ్లు చల్లబడితే వేగం పెంచమనీ రెండు ఆదేశాలు ఒకేసారి వెళ్తాయి. బలహీనంగా ఉన్న గుండె ఆ ఒత్తిడిలో లయ తప్పవచ్చు. మన దక్షిణాసియా వాళ్లలో గుండె జబ్బులు మిగతావాళ్లకన్నా ముందు వయసులోనే వస్తున్నాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

అబ్బాయిని ఈ చలికాలం తీసుకెళ్లొద్దు. పిల్లలు పెద్దవాళ్లకన్నా త్వరగా చల్లబడతారు, వాడి కొలతలో డ్రై సూట్ కొన్నా ఏడాదికి పొట్టిదైపోతుంది, పైగా మీరింకా నేర్చుకుంటున్నారు. ఏప్రిల్, మే రాగానే ఎండలు బాగున్నాయని కూడా తొందరపడకండి. గాలి, నీళ్ల ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో కలిపితే 120 దాటాలి, దాటితే మామూలు బట్టలతో వెళ్లొచ్చు అని ఎవరైనా మీకు చెప్పవచ్చు, నమ్మకండి. మే నెలలో గాలి 75, ప్యూజెట్ సౌండ్ నీళ్లు 52, కలిపితే 127. ఆ లెక్క ప్రకారం క్షేమమే, కానీ 52 అంటే 11 డిగ్రీల సెల్సియస్, ఎగశ్వాస బలంగా వచ్చే నీళ్లు అవే. అబ్బాయికి జూలై మధ్యదాకా ఆగమని చెప్పండి, అప్పటికి లేక్ వాషింగ్టన్ నిజంగా వెచ్చబడుతుంది. 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు చిన్న పడవల్లో లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని ఇక్కడి చట్టం. మొదటిరోజు దూరం తీసుకెళ్లకుండా ఒడ్డు పక్కనే పడవ తిరగేసి బయటికి రావడం వాడి చేత చేయించండి, మీరు పక్కనే నీళ్లలో నిలబడి ఉండండి.